తరుగు

"ఏందిర తమ్మీ, జిరాక్సు గిక్కడ నిలవడ్డది, ఒరిజినల్ యాడ వెట్టినవ్?"

ఆసిఫాబాద్‌లో నాది జిరాక్సు దుకాణం. కనుక ఈ పరాచికం పుట్టడానికి పెద్ద ప్రతిభేమీ అక్కర్లేదు. అయినా పాస్‌బుక్కు నకలు కోసం వచ్చే ప్రతి మనిషీ దాన్ని ఆ క్షణమే తాను కనిపెట్టినట్టు చెప్తాడు, నేను నవ్వేదాకా చిల్లర తియ్యడు. రెండేళ్ల కింద 62 కిలోలుండేవాణ్ని. ఇప్పుడు 44 దగ్గర ఊగిసలాడుతున్నాను. పోయిన 18 కిలోలు నావి. వాటి మీద విచారణ మాత్రం ఊరందరిదీ.

ఈ పట్నంలో ఉమ్మడి ఆస్తి అంటూ ఏదైనా మిగిలి ఉంటే అది నా బరువే. పెద్దవాగులో ఇసుక ఎంత తరిగిందో అడగనివాళ్లు నా దవడలో కండ ఎంత తరిగిందో వేలు పెట్టి కొలుస్తారు. ఆ మాటకొస్తే పోగొట్టుకోవడం ఆసిఫాబాద్‌కు కొత్త కాదు. నిజాం కాలంలో జిల్లా కేంద్రంగా వెలిగింది, తర్వాత ఆ హోదా ఆదిలాబాద్‌కు తరలిపోయింది, 2016 అక్టోబర్ 11న కుమురం భీం పేరుతో తిరిగొచ్చింది. మధ్యలో అన్ని దశాబ్దాలూ ఊరు బక్కచిక్కి ఉంటే దాన్ని పట్టుకుని "మంచిగ తింటలేవా?" అని ఎవరైనా అడిగారా? నన్ను మాత్రం రోజుకు ఇరవై మంది అడుగుతారు.

జబ్బు పేరు క్రోన్స్. చెప్పగానే ఎదుటి మనిషి రెండడుగులు వెనక్కి వేస్తాడు. "కరోనానా? గది ఇంక పోలేదా?" కాదు కాకా, క్రోన్స్. పేగుల జబ్బు. ఒంటిని కాపాడాల్సిన కాపలాదారులే సొంత పేగు గోడల మీద పడి పుండ్లు చేస్తారు. అంటదు, పూర్తిగా పోదు. 1932లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆస్పత్రి డాక్టర్లు ముగ్గురు, క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్, కలిసి దీని మీద వ్యాసం రాస్తే, అక్షర క్రమంలో ముందున్న పాపానికో పుణ్యానికో పేరు క్రోన్ ఒక్కడికే దక్కింది. అంతకు 19 ఏళ్ల ముందే స్కాట్లండ్‌లో డాల్జీల్ అనే సర్జన్ ఇదే రోగాన్ని వివరించాడు, ఆయనకు ఆ మాత్రమూ దక్కలేదు. 1956లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఈ జబ్బు వల్లే పేగుల ఆపరేషన్ జరిగింది. ఆయనను వైట్‌హౌస్ గేటు దగ్గర ఆపి "జర గుడ్లు తినున్రి సారూ" అన్నవాళ్లు ఉండి ఉండరు. నాకు ఉన్నారు.

"గది పిజ్జాలు తినే పట్నపోళ్ల రోగం గద, నీకెట్లొచ్చె?" అన్నది తర్వాతి ప్రశ్న. నా కులం సర్టిఫికెట్టో ఆదాయం సర్టిఫికెట్టో ఈ రోగానికి చాలదన్నట్టు అడుగుతారు. హైదరాబాద్ ఏఐజీ డాక్టర్లు పేగుల బాధతో వచ్చిన తెలంగాణ పల్లెజనాన్నీ పట్నం జనాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, ఈ జాతి జబ్బుల్లో రెండు చోట్లా పెద్ద తేడా లేదని తేల్చారు. రోడ్డు రాని ఊరికి కూడా ఇది వస్తుంది. మా ఊరి పేరు పెట్టుకున్న రైల్వే స్టేషనే ఊళ్లో లేదు, రెబ్బెన దగ్గరుంది. ఆ లెక్కన రైలుకంటే రోగమే నయం, గమ్యానికి నేరుగా వచ్చి దిగింది.

ఇక సలహాలు. మామ బీడీ ముట్టించుకుని, గుప్పున పొగ నా మొహాన వదిలి, "తిండి మీద శ్రద్ధ వెట్టాలె" అంటాడు. క్రోన్స్ ఉన్నవాడికి పొగ తాగడం పెట్రోలు పోయడంతో సమానమని డాక్టర్ చెప్పినప్పటి నుంచి నేను బీడీ కట్ట ఉన్న వైపు గాలికి కూడా నిలబడను. ఆ సంగతి చెప్తే మామ నొచ్చుకుంటాడు. "నేను నలభై ఏండ్లసంది తాగుతున్న, నాకేమైంది?" ఏమీ కాలేదు మామా. నీకు కావలసింది కూడా నాకే అయింది.

దిష్టి అన్నారు. కడుపులో పెట్టుడు మందు అన్నారు. నులిపురుగులన్నారు, వాటికైతే రెండుసార్లు మాత్ర మింగాను, పురుగులుంటే అవి కూడా నాలాగే బక్కచిక్కి చచ్చి ఉంటాయి. ఒకాయన గుట్టు విప్పినట్టు చెప్పాడు: "నువ్వు లోపల లోపల ఏదో రందివెట్టుకున్నవ్." అవును, ఇవాళ ఇంకెంతమంది వస్తారోనన్న రంది.

అన్నిటికంటే నాకు విడ్డూరమనిపించేది, ఈ మాటలనే మనుషులు తరుగు అంటే తెలియనివాళ్లు కారు. పుట్టుకతో తెలిసినవాళ్లు. మా జిల్లాలో చంటిపిల్లాడు కూడా పత్తి కాంటా చూసే పెరుగుతాడు. సీసీఐ పత్తి కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, ఆపైన ఒక్కో శాతానికి ఇంత కోత, 12 దాటితే బండి వాపసు. వడ్ల కేంద్రానికి పోతే బస్తాకు కిలో ఎక్కువ జోకు, తాలు అను, తేమ అను, ఆఖరికి మిల్లర్ ఇంకో రెండు కిలోలు కొయ్యి. చేసిన పంట ఒకటి, చీటీ మీద పంట ఒకటి, బ్యాంకులో పడ్డ పంట ఇంకొకటి. ఈ మూడింటి నడుమ తేడా కోసం రోడ్డు మీద వడ్లు పోసి ధర్నా చేసిన మనిషే నా దుకాణానికి వచ్చి, "తిన్నది యాడికి పోతది? నువ్వు తింటలేవు" అంటాడు.

అన్నా, నాది కూడా మిల్లే. నోట్లో వేసింది ఒకటి, పేగు తీసుకున్నది ఒకటి, ఒంటబట్టింది ఇంకొకటి. నడుమ తరుగుకు చీటీ ఉండదు, ధర్నా చేయడానికి కలెక్టరేట్ ఉండదు.

చిన్నపేగు ఇంచుమించు ఆరు మీటర్ల పొడవు. అందులో ఒక్కో జాగాకు ఒక్కో పని. మొదటి మలుపులో ఇనుము, నడుమ భాగంలో చక్కెరలూ మాంసకృత్తులూ కొవ్వులూ ఎక్కువగా లోపలికి పోతాయి. ఆఖరి మూర ఉంది చూశారూ, పెద్దపేగులో కలిసే చోటు, అక్కడ రెండు పనులు జరుగుతాయి, ఇంకెక్కడా అంతగా జరగవు. బీ12 విటమిన్‌ను పట్టుకోవడం ఒకటి. కాలేయం పంపిన పైత్యరస లవణాలను వాడుకున్నాక మళ్లీ వెనక్కి తిప్పి పంపడం రెండోది. క్రోన్స్‌కు ఎంతో ఇష్టమైన జాగా సరిగ్గా అదే. ఆరు మీటర్ల ఇల్లుంటే ఖజానా గదిలోనే కాపురం పెడుతుంది.

ఆ లవణాలు వెనక్కి రాకపోతే మెల్లమెల్లగా కాలేయం దగ్గర నిల్వ తగ్గుతుంది. అవి లేందే కొవ్వు కరగదు, కరగంది లోపలికి పోదు. ఇది మా చిన్నమ్మకు చెప్పడం నా వల్ల కాలేదు. ఆమె సిద్ధాంతం ఒక్కటే: బక్కోనికి నెయ్యి. పప్పులో నెయ్యి, రొట్టె మీద నెయ్యి, నేను తల తిప్పితే మంచినీళ్లలో కూడా పోసేదేమో. గ్రాము కొవ్వుకు 9 కేలరీలని లెక్క, అంటే చిన్నమ్మ లెక్కలో నేను ఆ నెలలో పహిల్వానును కావాలి. అయింది వేరు. అరగని కొవ్వు పోతూ పోతూ ఊరికే పోదు, కడుపులోని సున్నాన్ని, అంటే కాల్షియంను, వెంటబెట్టుకుని పోతుంది. మామూలుగా ఆ సున్నం ఆక్సలేట్ అనే పదార్థాన్ని కట్టేసి బయటకు పంపాలి. కట్టేసేవాడు లేకపోయేసరికి ఆక్సలేట్ తాపీగా రక్తంలోకి దిగి, కిడ్నీలో రాయిగా కూచుంది. నెయ్యి పోస్తే కండ పెరగాలి కదా, నాకు రాయి పెరిగింది. "చూసినవా, లోపల ఏదో ఒకటైతె పెరిగింది," అన్నాడు మామ.

కొబ్బరినూనెలో కొంత ఉండే ఒక రకం కొవ్వు పైత్యరసంతో పనిలేకుండా నేరుగా రక్తంలోకి పోతుందని డాక్టర్ చెప్పాడు. దాన్ని విడదీసి అమ్మే సీసా ఒకటుంది. ధర చూశాక, నేరుగా రక్తంలోంచే తీసుకుంటారని అర్థమైంది.

కేలరీల లెక్క సంగతీ చెప్పాలి. బిస్కెట్ ప్యాకెట్టు వెనక అచ్చేసిన అంకెను వేదవాక్కులా చదివే చదువుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తారు, వాళ్లు మామకంటే ప్రమాదం. సెల్‌ఫోన్‌లో ఒక యాప్ తెరిచి, పొద్దున ఇడ్లీ ఇన్ని, మధ్యాహ్నం అన్నం ఇంత అని నొక్కి, "నీకు రోజుకు 2,300 వస్తున్నాయ్, బరువు పెరగాల్సిందే" అని తీర్పు చెప్తారు. పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9 అన్న లెక్క 19వ శతాబ్దం చివర అమెరికాలో అట్‌వాటర్ అనే ఆయన కట్టింది. పాపం ఆయన నిజాయితీపరుడు. మనుషులు తిన్నదీ కొలిచాడు, విసర్జించిందీ కొలిచాడు, తరుగు తీసి మరీ అంకె వేశాడు. అయితే ఆయన కొలిచింది పేగులు నిక్షేపంగా ఉన్నవాళ్లను. ఆ ప్యాకెట్టు మీద అంకె ఆరోగ్యవంతుడి పేగు పేరిట రాసిన చెక్కు. నా కౌంటర్లో అది బౌన్స్ అవుతుంది.

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇంకో ముచ్చట చేసింది. భారతదేశంలో "ప్రామాణిక పురుషుడు" అని ఒకాయన ఉన్నాడు, కాగితం మీద. 2010 పట్టికలో ఆయన బరువు 60 కిలోలు. 2020 పట్టికలో 65. ఒక్క కలం పోటుతో అయిదు కిలోలు. కుర్చీలో కూచుని పనిచేసే ఆయనకు రోజుకు 2,110 కేలరీలు చాలునట. నేనూ కుర్చీలో కూచునే జిరాక్సులు తీస్తాను. ఆయన ఎక్కాడు, నేను దిగాను. ఆ ఇనాం నాకూ వర్తింపజేయమని దరఖాస్తు పెడదామనుకున్నాను, నకలుకు ఖర్చుండదు కదా.

ఇంతా చెప్పి ఒక నిజం దాచకూడదు. ఊరివాళ్ల "తింటలేవు" అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. వాళ్లకు అలవాటైన పద్ధతిలో, కారణం తెలియకుండా నిజం చెప్తున్నారు. క్రోన్స్‌లో బరువు తగ్గడానికి పేగు తరుగు ఒక్కటే దోషి కాదు. చాలామంది విషయంలో అసలు దెబ్బ తిండి తగ్గడమే. తింటే నొప్పి, నొప్పికి భయం, భయానికి ముద్ద సగంలో ఆగుతుంది. లోపల మంట రగులుతున్నంత సేపు ఒంట్లో టీఎన్‌ఎఫ్ అనే పదార్థం ఊరుతుంది. అది ఆకలి చంపుతుంది, కండ కరిగిస్తుంది. శాస్త్రవేత్తలు దీన్నే విడిగా కనిపెట్టినప్పుడు "కెకెక్టిన్" అని పేరు పెట్టారు, అంటే శుష్కింపజేసేది. 1985లో చూస్తే రెండూ ఒకటే. ఇప్పుడు క్రోన్స్‌కు ఇచ్చే ఖరీదైన సూదులు కొన్ని దీన్ని పట్టుకుని మూతి కట్టేవే. మంట ఆరితే ఆకలి దానంతటదే వస్తుంది, పప్పూ అన్నమే ఒంటబడతాయి. మంట ఆర్పకుండా నెయ్యి పోస్తే ఏమవుతుందో హోమం చేసిన ప్రతివాడికీ తెలుసు.

నేను తిననిది ఎప్పుడో కూడా చెప్తాను. హైదరాబాద్ వెళ్లే బస్సెక్కే ముందురోజు. డాక్టర్ నా బరువు పెంచాలని నెలకోసారి రమ్మంటాడు. బస్సులో ఆరేడు గంటలు. డ్రైవర్ ఎక్కడ ఆపుతాడో అతని చాయ్ నిర్ణయిస్తుంది, నా పేగు కాదు. అందుకని ముందురోజు మధ్యాహ్నం నుంచే తిండి బంద్, నీళ్లు బంద్. వెళ్లి తూకం ఎక్కితే కిలో తక్కువ. "తగ్గారే!" అంటాడు డాక్టర్. తిరిగొచ్చేటప్పుడూ ఇదే. బరువు పెంచే వైద్యానికి పోయి రావడానికి అయ్యే ఖర్చు, చార్జీలు గాక, రెండు కిలోలు. మా బస్టాండులో మరుగుదొడ్డికి కాస్త శుభ్రమైన తలుపూ, ఆ తలుపుకు గొళ్లెమూ పెట్టిస్తే నా బరువు పెరుగుతుందని ఏ పోషకాహార పట్టికలోనూ రాయలేదు. రాయాలి.

ఇప్పుడు సర్కారు ముచ్చట. ఈ రోగానికి మన దేశంలో ఒక కవలసోదరుడున్నాడు, పేగు టీబీ. అదే పేగు, అదే ఆఖరి మూర, అదే నొప్పి, అదే జ్వరం, అదే బక్కచిక్కడం. ముక్క తీసి పరీక్షకు పంపినా చాలాసార్లు ఇద్దరిలో ఎవరో తేలదు. అందుకని డాక్టర్లు ముందు టీబీ మందులు మొదలుపెట్టి రెండు మూడు నెలలు చూస్తారు. పుండ్లు మానితే టీబీ, మానకపోతే క్రోన్స్. వాళ్లనేమీ అనను. టీబీ ఉండగా తెలియక క్రోన్స్ మందులిస్తే మనిషే పోతాడు. అందుకే నా పేరు ముందుగా టీబీ రిజిస్టర్లో ఎక్కింది.

ఆహా, ఏం వైభోగం! టీబీ వాణ్నైన ఆ కొన్ని నెలలూ నేను భారత ప్రభుత్వపు ముద్దుబిడ్డను. నా బరువు చూసి, 35 నుంచి 49 కిలోల గడిలో వేసి, రోజుకు మూడు మాత్రలు ఉచితంగా ఇచ్చారు. ఆశా అక్క ఇంటికొచ్చి "తమ్మీ, గోలీలు ఏసుకున్నవా, గుడ్డు తిన్నవా" అని అడిగింది. నిక్షయ్ పోషణ్ కింద తిండికి నెలకు 1,000 రూపాయలు. 2018లో 500తో మొదలైన పథకం, 2024 నవంబర్ నుంచి వెయ్యి చేశారు. ఆ డబ్బు పడటానికి పాస్‌బుక్కు నకలు కావాలంటే నా మిషన్ మీద నేనే తీసుకుని, నాకు నేనే రెండు రూపాయలు బాకీ రాసుకున్నాను.

మళ్లీ పేగులోకి కెమెరా వేసి చూశారు. పుండ్లు ఎక్కడివక్కడే. టీబీ కాదు, క్రోన్స్ అని తేలింది. ఆ సాయంత్రానికి నేను అనాథను. అదే పేగు, అదే మూల, అదే 44 కిలోలు. కాకపోతే నాలో క్రిమి లేదు. క్రిమి ఉంటేనే గుడ్డు. నిన్నటిదాకా నా ఎముకలు లెక్కపెట్టిన ప్రభుత్వం ఇవాళ నన్ను ఏ గడిలో వేయాలో తెలియక పేరు కొట్టేసింది. వికలాంగుల చట్టంలో వేయమందామా? 2016 చట్టంలో 21 రకాలున్నాయి. మా ఏజెన్సీ గూడేల్లో పీడించే సికిల్‌సెల్ కూడా ఉంది, న్యాయంగా ఉంది. క్రోన్స్ లేదు. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంచారు, గొప్ప సంగతే. అయితే అది పడకెక్కినవాడికి. పేగు కుళ్లి కోసే దశకు వస్తే కార్డు పనిచేస్తుంది. కొయ్యకుండా కాపాడుకోవడానికి ఇంట్లో కూచుని తాగే డబ్బా పొడికి పనిచేయదు. ఇల్లు కాలాక ఫైరింజన్ వస్తుంది, బకెట్టు మాత్రం సొంతంగా కొనుక్కోవాలి.

ఆ డబ్బా పొడి సంగతి చెప్తే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. క్రోన్స్ వచ్చిన పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు అన్నం, రొట్టె ఏమీ పెట్టకుండా పాలలాంటి ఆ ద్రవం ఒక్కటే తాగించి పుండ్లు మాన్పే పద్ధతి ఉంది. తినకుండా బరువు పెరుగుతారు. "తిననోడు ఎట్ల పెరుగుతడు?" అన్న మామ ప్రశ్నకు ఆ పిల్లలే జవాబు, కానీ వాళ్లు ఆయన బీడీ దగ్గరికి రారు.

ఈలోపు మా వీధి ఆర్‌ఎంపీ నన్ను దయతలచాడు. ఈ జబ్బులో కీళ్లు కూడా నొప్పెడతాయి. ఆయన దగ్గర నొప్పి సూది తయారుగా ఉంటుంది. ఆ జాతి నొప్పి మందులే పేగు పుండ్లను మళ్లీ రేపగలవని నేను అనేలోపే సూది దిగింది. తర్వాత "బలానికి" ఒక గ్లూకోజ్ బాటిల్. తెలంగాణలో గ్లూకోజ్ బాటిల్‌కు ఉన్న గౌరవం ఏ దేవుడికీ లేదు, చేతికి గుచ్చుకుని పడుకుంటే చుట్టాలు పండ్లు పట్టుకుని వస్తారు. అరలీటరు సీసాలో అయిదు శాతం చక్కెర, అంటే 25 గ్రాములు. 100 కేలరీలు కూడా లేవు. ఒక అరటిపండు. ఆ అరటిపండును రెండు గంటలు నరంలోకి ఎక్కించి మూడు వందలు తీసుకున్నాడు. చూడటానికి వచ్చినవాళ్లు తెచ్చిన డజను అరటిపండ్లు పక్కనే ఉన్నాయి, ఊరికే.

చివరికి స్టిరాయిడ్ మాత్రలు మొదలయ్యాయి. ఇక చూడాలి ఊరి సంబరం! మూడు వారాల్లో మొహం పున్నమి చంద్రుడైంది, బుగ్గలు ఉబ్బాయి, పొట్ట ముందుకొచ్చింది. ఆకలి ఎంతగా వేసిందంటే అర్ధరాత్రి లేచి అటుకులు బొక్కాను. అందరూ ఆపి ఆపి మెచ్చుకున్నారు. "గిప్పుడు మంచిగైనవ్! మనిషి కళ వచ్చింది." నిజానికి నా జబ్బు చరిత్రలో అంత గడ్డు రోజులు లేవు. మొహంలో చేరింది నీరూ కొవ్వూ. తొడల కండ జారుతోంది, ఎముకల్లో సున్నం తగ్గుతోంది, రాత్రి నిద్ర లేదు. మెట్లెక్కలేని మనిషిని పట్టుకుని పెండ్లి సంబంధం మాట్లాడతామన్నారు. మాత్రలు తగ్గించి, మంట నిజంగా ఆరడం మొదలైన నెలలో మొహం ఉబ్బు దిగింది. "మల్ల పాడైనవేందిర!" అన్నారు. నాకు అప్పుడు అర్థమైంది. ఊరు చూసేది నా ఆరోగ్యాన్ని కాదు, నా బుగ్గల్ని.

సిరిధాన్యాలవాళ్లను వదిలేస్తే పాపం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది, అప్పటినుంచి నాకు కొర్రలూ ఊదలూ చెప్పనివాడు లేడు. మా అవ్వ పొద్దంతా కూలి చేసి జొన్న గట్క తాగితే అప్పుడు దాన్ని బీదోళ్ల కూడు అన్నారు. ఇవాళ అదే జొన్న రంగుల సంచీలో కూచుని ధర చెప్తే భయమేస్తోంది. దురదృష్టం చూడండి, నా పేగులో ఒకచోట దారి ఇరుకైంది. పొట్టు, గింజ, పీచు అక్కడ ఇరుక్కుంటే ఆపరేషనే. నాకు పడేది మెత్తగా ఉడికిన తెల్లన్నం, పెసరకట్టు, పెరుగు, గుడ్డు, పొట్టు తీసి ఉడికించిన సొరకాయ. లోకమంతా తిట్టే తెల్లన్నం నా మందు. ఆరోగ్య సూత్రాలన్నీ అరచేతిలో పెట్టుకుని వచ్చే యోగా మిత్రుడు నా టిఫిన్ డబ్బాలో పాలిష్ బియ్యం చూసి, శవాన్ని చూసినట్టు మొహం పెట్టాడు.

ఇంకొకాయన ఆయుర్వేదం. గ్రహణి అంటారు దీన్ని, మీకు తెలియదు, అన్నాడు. తెలుసు. తిన్నది ఒంటబట్టని రోగానికి మన పెద్దలు పేరు పెట్టుకున్నారు, ఆ పేరు వినీ "తింటలేవు" అనేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా దీని దాయాది రోగమే పడ్డాడు, స్ప్రూ. అన్నను ఆ రోగం తీసుకుపోయింది. సుబ్బారావును ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యం బతికించింది. "చూసినవా!" అని ఆయుర్వేదం ఆయన తొడ చరిచాడు. ఆగు అన్నా, కథ ఇంకా ఉంది. బతికిన సుబ్బారావు అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో స్ప్రూకు మందయ్యే ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేశాడు. ఆ దారినే దానికి విరుగుడుగా పనిచేసే మెథోట్రెక్సేట్ కూడా వచ్చింది, కేన్సర్ కోసం. ఇప్పుడు క్రోన్స్‌కూ ఇస్తారు. నేను వారానికోసారి మెథోట్రెక్సేట్, అది చేసే చెరుపుకు ఫోలిక్ యాసిడ్. గొడవా ఆయనదే, రాజీ కూడా ఆయనదే. గ్రూప్ పరీక్షల బిట్లలో ఆయన పేరును నా మిషన్ ఎన్ని వేలసార్లు నకలు తీసిందో లెక్కలేదు. "ఫోలిక్ యాసిడ్ కనుగొన్న తెలుగు శాస్త్రవేత్త ఎవరు?" అని టిక్కు పెట్టిన అభ్యర్థి కౌంటర్ మీద అయిదు రూపాయలు పెట్టి, "అన్నా, జర తిను" అని పోయాడు.

మొన్న ఆదివారం చెడిపోయిన కాగితాలు అమ్మేద్దామని పాత సామాన్ల ఆయన్ని పిలిచాను. ఎలక్ట్రానిక్ కాంటా తెచ్చాడు. కట్టలు జోకి, తేమ ఉందని కిలో తరుగు తీశాడు. వారం రోజులు ఎండలో పెట్టిన కాగితానికి తేమ ఎక్కడిదని గట్టిగానే పోట్లాడాను. పోట్లాటలో పోట్లాట, కాంటా సరిగా ఉందో లేదో చూద్దామని నేనే ఎక్కి నిలబడ్డాను. 44 చూపించింది.

ఆయన అంకె చూశాడు, నన్ను చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి, "కిలో పన్నెండు లెక్కన అయిదువందల ఇరవయెనిమిది, అన్నా," అన్నాడు. టీబీ ఉన్నప్పుడు నెలకు వెయ్యి పలికినవాణ్ని.

"తరుగు?" అని అడిగాను.

"నీకేం తీస్త తియ్," అన్నాడు.